సూది వెయ్యని డాక్టరు

మా నాన్న డాక్టర్లకు తప్ప ఇంకెవరికీ ఓటెయ్యనని పట్టుబట్టిన మనిషి. ఎన్నికలొస్తే చాలు, మా మెడికల్ షాపు కౌంటర్ మీద పేపరు పరిచి, అభ్యర్థుల పేర్ల ముందు ‘డా.’ ఉందేమోనని కళ్లజోడు సవరించుకుని మరీ వెతికేవాడు. పీహెచ్‌డీ వాళ్లు ఆయన లెక్కలోకి రారు. “వాళ్లు పుస్తకాలకు చేస్తారు వైద్యం” అనేవాడు. డాక్టరెవరూ నిలబడకపోతే ఏం చేస్తావని అమ్మ అడిగితే, “ఆ పార్టీ పెద్ద డాక్టరేమో చూస్తా” అని తన రాజ్యాంగానికి ఒక సవరణ చేసుకున్నాడు. అదీ కుదరకపోతే? దానికి జవాబు లేదు. అలాంటి ఏడు ఎవరికి వేశాడో మాకెవరికీ చెప్పేవాడు కాదు.

ఈ పిచ్చి ఆయనకు నరసరావుపేటలో పట్టుకుంది. పదో తరగతితో చదువు ఆపేసి అక్కడొక డాక్టరు గారి దగ్గర కాంపౌండర్‌గా చేరాడు. పొద్దున్నే గాజు సిరంజిలు మరిగే నీళ్లలో వెయ్యడం, సీసాల్లో మిక్చర్ కలిపి, పక్కన గంట్లు పెట్టి కత్తిరించిన కాగితం ముక్క అంటించడం ఆయన పని. ఒక్కో గంటు ఒక్కో డోసు. వీటన్నిటి కంటే ఆయన గొప్పగా చెప్పుకునేది మాత్రం చీటీ చదవడం. వాళ్ల డాక్టరు గారి రాత ఊళ్లో ఇద్దరికే అర్థమయ్యేదట. ఒకరు నాన్న, రెండోది ఆ డాక్టరు గారు. ఒక్కోసారి ఆ రెండో ఆయనకు కూడా కాదు, నాన్ననే పిలిచి అడిగేవారట.

1983 జనవరి ఎన్నికలప్పుడు నాన్నకు ఇరవై మూడేళ్లు. అప్పట్లో ఓటు రావాలంటే ఇరవై ఒకటి నిండాలి, కాబట్టి ఎమ్మెల్యేకి వేసిన మొదటి ఓటు అదే. ఎన్టీఆర్ పార్టీ పెట్టిన తొమ్మిది నెలలకే గద్దెనెక్కిన ఎన్నికలవి. నరసరావుపేటలో సర్జన్ కోడెల శివప్రసాదరావు గారు నిలబడ్డారు. నిన్నటిదాకా పేషెంట్లే చేతులు జోడించేవాళ్లు, ఇప్పుడు డాక్టరే వీధుల్లోకొచ్చి వాళ్లకు దండం పెడుతున్నాడు. అది చూసి మతిపోయిందని చెప్పేవాడు నాన్న. కోడెల గారు ఆ ఊరి నుంచే వరసగా ఐదుసార్లు గెలిచారు. 1988లో మేం హైదరాబాద్ వచ్చేసిన తర్వాత కూడా, ఆ ఊరి ఫలితం తెలిసేదాకా నాన్న అన్నం ముట్టేవాడు కాదు.

హైదరాబాద్ అంటే మాకు కేపీహెచ్‌బీ కాలనీ. హౌసింగ్ బోర్డు వాళ్ల ఎల్‌ఐజీ ఇంట్లో ముందు గది షాపు, వెనక రెండు గదులు మేము. షాపు లైసెన్సు బీఫార్మసీ చదివిన మా బాబాయి సర్టిఫికెట్ మీద నడిచేది. ఆ బాకీ తీర్చుకోవడానికే నాన్న నన్ను బీఫార్మసీలో చేర్చాడని నా అనుమానం ఇప్పటికీ పోలేదు.

మొదట్లో మేం అద్దెకున్న ఇంటి ఓనరు తాతగారిది వికారాబాద్ వైపు. 1989 డిసెంబరులో మర్రి చెన్నారెడ్డి గారు రెండోసారి ముఖ్యమంత్రి అయినప్పుడు ఆయన మా నాన్నకు పెద్ద పాఠమే చెప్పాడట. ఉస్మానియాలో ఎంబీబీఎస్ చదివిన చెన్నారెడ్డి గారు 1952లో, ఇంకా హైదరాబాద్ రాష్ట్రం ఉన్నప్పుడే, వికారాబాద్ నుంచి గెలిచి ముప్పై మూడేళ్లకు బూర్గుల మంత్రివర్గంలో చేరారు. 1969 ఉద్యమం తర్వాత వచ్చిన లోక్‌సభ ఎన్నికల్లో ఆయన తెలంగాణ ప్రజా సమితి పద్నాలుగు సీట్లకు పది గెలుచుకుంది. మొదటిసారి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడే, 1978లో, రంగారెడ్డి జిల్లా ఏర్పడింది. అంటే మా షాపు బోర్డు మీద కింద రాసుండే జిల్లా పేరు ఒక డాక్టరు హయాంలో పుట్టిందన్నమాట! నాన్న మురిసిపోయాడు. తాతగారు మాత్రం, “డాక్టరే గని, చెయ్యి నాడి కన్న మనుషుల నాడి బాగా దొరికేది ఆయనకు” అని నవ్వేవాడట. ఏడాది తిరిగేసరికి, పాతబస్తీ అల్లర్ల నడుమ చెన్నారెడ్డి గారు దిగిపోయారు. నాకప్పుడు రెండేళ్లు. ఇదంతా విన్నదే.

నేను కళ్లారా చూసింది మా షాపు. స్కూలు నుంచి రాగానే కౌంటర్ వెనక స్టూలెక్కి కూర్చునేదాన్ని. నాన్న చొక్కా జేబులో ఎప్పుడూ మడత కత్తెర ఉండేది, స్ట్రిప్పులోంచి రెండు మాత్రలు కత్తిరించి ఇవ్వడానికి. మేం బిళ్లలంటాం, కొనేవాళ్లు గోలీలంటారు. “సార్, రెండు జెరం గోలీలియ్యి.” మా ఇంటికి కొంచెం అవతల పొద్దున్నే కూలీల అడ్డా ఉండేది. ఆ అడ్డా మనుషులు డాక్టర్ను కొలిచేది సూదితోనే. సూదేస్తే డాక్టరు, వెయ్యకపోతే ఫీజు దండగ.

ఒకసారి మా పక్క షట్టర్‌లో ఒక కుర్ర డాక్టరు క్లినిక్ పెట్టాడు. ఎండీ చదివినాయన. జ్వరమని వస్తే నాలుక చూసి, పొట్ట నొక్కి, ఏం నీళ్లు తాగుతున్నారు, ఎక్కడి నుంచి తెచ్చుకుంటున్నారు, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని పావుగంట అడిగేవాడు. చివరికి పారాసిటమాల్ రాసి, నీళ్లు కాచి చల్లార్చి తాగమని పంపేవాడు. రోడ్డుకు అటుపక్కనే ఇంకొకాయన. ఆర్‌ఎంపీ. అన్ని రోగాలకూ ఒకే సూది, ఒకే ఎర్ర టానిక్కు. ఆయన బెంచీ మీద చోటుండేది కాదు. మా కుర్ర డాక్టరు ఎనిమిది నెలలకు బోర్డు పీకేశాడు. వెళ్తూ వెళ్తూ నాన్నతో టీ తాగి, “నేను జబ్బుకి మందిస్తున్నాను సార్, వాళ్లకి నొప్పికి మందు కావాలి” అన్నాడు. నాన్న ఈ మాట చాలా ఏళ్లు వాడుకున్నాడు, తనదే అన్నట్టు.

2003 ఎండాకాలం. నేను తొమ్మిదో తరగతి పరీక్షలు రాస్తున్నాను. వైఎస్ రాజశేఖరరెడ్డి గారు చేవెళ్లలో పాదయాత్ర మొదలుపెట్టారు. పులివెందులలో రూపాయి డాక్టరుగా పేరు తెచ్చుకుని, 1978లో మొదటిసారి ఎమ్మెల్యే అయిన మనిషి. “డాక్టరై ఉండి ఏప్రిల్లో నడక ఏమిటి, వడదెబ్బ తగలదూ” అని నాన్న పేపరు చదువుతూ గొణుక్కునేవాడు. రాజమండ్రి దగ్గర ఆయన నిజంగానే జబ్బుపడ్డారు. కొన్నాళ్లు ఆగి, లేచి మళ్లీ నడిచి ఇచ్ఛాపురం చేరారు. మొత్తం 1,400 కిలోమీటర్ల పైమాటే. మరుసటేడు ఎన్నికల్లో మాది ఇంకా ఖైరతాబాద్ నియోజకవర్గమే. మహా సముద్రంలా ఉండేది. కాంగ్రెస్ నుంచి పి.జనార్దన్‌రెడ్డి గారు, కార్మిక నాయకుడు, డాక్టరు కాదు. సవరణ అప్పుడు పనికొచ్చింది. గుంటూరు జిల్లా నుంచి వచ్చిన మా చుట్టాలందరూ సైకిలంటుంటే నాన్న నోరు మెదపలేదు. అమ్మకు మాత్రం తెలుసు.

ఆ డాక్టరు ముఖ్యమంత్రి సూదేశాడు. ఇది పొగడ్తో తిట్టో నాకే ఇప్పటికీ తెలీదు, కానీ మా షాపులోంచి అలాగే కనిపించింది. 2005 ఆగస్టు 15న 108 వచ్చింది. 2007లో మూడు జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ కొన్నాళ్లకే మా దాకా చేరింది. మా వీధి మొదట్లో ఇస్త్రీ బండి పెద్దమ్మ ఉండేది. ఆవిడ భర్తకు గుండె ఆపరేషన్ అన్నారు. తెల్ల రేషన్ కార్డు పట్టుకుని వెళ్లారు, పైసా కట్టకుండా వచ్చారు. డిశ్చార్జి ఫైలు తెచ్చి మా కౌంటర్ మీద పెట్టి, “ఎంతయిందంటవ్ సార్ గిదంతా?” అంది. నాన్న కాగితాలన్నీ తిప్పి లెక్క చెప్పాడు. ఆవిడ స్టూలు మీద కూలబడింది. మర్నాటి నుంచి బండికి వైఎస్ ఫొటో వేలాడింది, పక్కన యాదగిరి నరసన్న. 2009 సెప్టెంబరులో హెలికాప్టర్ కనపడటం లేదని టీవీలో చెప్పిన రోజు నుంచి రెండు రోజులు ఆవిడ ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు వెయ్యలేదు. కాలనీలో సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లందరూ నలిగిన చొక్కాలతోనే ఆఫీసులకెళ్లారు.

నేను కొంచెం ముందుకెళ్లిపోయాను. అదే ఏడు ఏప్రిల్లో ఎన్నికలు.

ఖైరతాబాద్‌ను ముక్కలు చేస్తే కూకట్‌పల్లి విడిగా నియోజకవర్గమైంది. నిలబడింది ఎవరు? లోక్‌సత్తా జయప్రకాశ్ నారాయణ్ గారు! గుంటూరు మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్. 1980 బ్యాచ్ ఐఏఎస్. కలెక్టర్‌గా చేసి, ఉద్యోగం వదిలేసి, లోక్‌సత్తా ఉద్యమం పెట్టి, 2006 గాంధీ జయంతి నాడు దాన్ని పార్టీ చేసిన మనిషి. నాన్నకు జాతకంలో గురుబలం కలిసొచ్చినట్టయింది. డాక్టరు, పైగా మా జిల్లా కాలేజీ, పైగా మా గుమ్మం ముందు నియోజకవర్గం. సవరణలతో పనిలేదు.

నేను బీఫార్మసీ మూడో ఏడు. నాకూ మొదటి ఓటు. పార్టీ గుర్తు ఈల. అపార్టుమెంట్ల కుర్రాళ్లు వాలంటీర్లుగా తిరుగుతూ పిల్లలకు ఈలలు పంచిపెట్టారు. ఆ నెలంతా మా కాలనీలో నిద్ర లేదు. పొద్దున్నే ఈల, మధ్యాహ్నం ఈల, పాలవాడొచ్చాడో పార్టీవాడొచ్చాడో తెలిసేది కాదు. అమ్మకు తలనొప్పి. మా షాపులో తలనొప్పి బిళ్లలు బాగా అమ్ముడుపోయాయి కాబట్టి పార్టీ వల్ల లాభపడిన మొదటి పౌరుడు నాన్నే అని నేనేడిపించేదాన్ని. ఒకవైపు మహాకూటమి, ఒకవైపు కాంగ్రెస్, ఇంకోవైపు చిరంజీవి గారి రైలింజన్. డబ్బు పంచం, మందు పొయ్యం అంటున్న ఈల. అడ్డా మీద ఒకాయన నాన్నతో అన్నాడు, “గీ డాక్టర్ సార్ పైసలియ్యడంట గద. మరెట్ల గెలుస్తడు?” నాన్న కత్తెర జేబులో పెట్టుకుంటూ, “ఫీజు తీసుకోని డాక్టర్ని చూశావు గానీ, పేషెంటుకి ఎదురు డబ్బులిచ్చే డాక్టర్ని ఎక్కడన్నా చూశావా?” అన్నాడు. అతను పడీ పడీ నవ్వి వెళ్లిపోయాడు. ఎవరికి వేశాడో ఏమో.

షాపు ముందు ఒక వాలంటీరు కుర్రాడు పెద్దమ్మకు గంటసేపు చెప్పిన మాట నాకు బాగా గుర్తు. “పెద్దమ్మా, ఆపరేషన్ కావాలంటే ఎమ్మెల్యే చీటీ కోసం తిరగడం ఏంది? నీ బస్తీలోనే మంచి సర్కారు దవాఖానా ఉండాలి. అది నీ హక్కు.” పెద్దమ్మ అంతా విని, “మంచిగున్నది బిడ్డా. అది వచ్చేదాంక చీటీ ఎవరిస్తరు?” అంది. కుర్రాడి దగ్గర పాంప్లెట్ తప్ప ఏమీ లేదు. ఒకటిచ్చాడు. ఆవిడ దాన్ని మడిచి వేడి ఇస్త్రీ పెట్టె కింద వేసుకుంది.

మే 16న ఫలితాలు. రాష్ట్రమంతా పోటీ చేసిన ఆ పార్టీ గెలిచింది ఒకే ఒక్క సీటు, మాది. 294 మందిలో ఒక్కడు. నాన్న ఆ సాయంత్రం షాపులో అప్పుల పుస్తకంలోంచి మూడు చిన్న బాకీలు కొట్టేశాడు. అమ్మ నెల రోజులు ఆ సంగతి ఎత్తింది.

2010 మార్చిలో, బడ్జెట్ సమావేశాలప్పుడు, ఆ వాలంటీర్లలో ఒకతను మాకు అసెంబ్లీ గ్యాలరీకి రెండు పాసులు ఇప్పించాడు. నాన్న పెళ్లికి వెళ్తున్నట్టు తయారయ్యాడు. పబ్లిక్ గార్డెన్స్ పక్కన ఆ తెల్లటి గుమ్మటాల భవనం 1913లో టౌన్‌హాల్‌గా కట్టిందని పేపర్లో చదివినది బస్సులో నాకు రెండుసార్లు చెప్పాడు. గేటు దగ్గర ఫోన్లు, నా బ్యాగు తీసుకున్నారు. తర్వాత నాన్న జేబు తడిమారు. కత్తెర! నేను తల దించుకున్నాను. “ఏందిది?” అన్నాడు పోలీసాయన. “బిళ్లలు కత్తిరించేదండీ” అన్నాడు నాన్న. ఆయన నాన్న మొహం చూసి, కత్తెరకు టోకెన్ కట్టి డబ్బాలో వేశాడు. ముప్పై ఏళ్లలో ఆ కత్తెర లేకుండా నాన్న ఉన్నది ఆ రెండు గంటలే అనుకుంటా. చెయ్యి ఊరికే జేబు మీదకి పోతూ ఉంది.

పైన గ్యాలరీలో మాట్లాడకూడదు, కాలు మీద కాలు వేసుకోకూడదు. నాన్న చూపుతోనే నాకు డాక్టర్లను లెక్కపెట్టి చూపించాడు. అదిగో గీతారెడ్డి గారు, ఆడవాళ్ల డాక్టరు. ఇటు నాగం జనార్దన్‌రెడ్డి గారు. ఆ వెనక మైదుకూరు డీఎల్ రవీంద్రారెడ్డి గారు. స్పీకర్ కుర్చీలో కిరణ్‌కుమార్‌రెడ్డి గారు, ముఖ్యమంత్రి రోశయ్య గారు. మా ఎమ్మెల్యే లేచేదాకా నాన్న ముందుకు వంగే కూర్చున్నాడు. లేచారు. మాట్లాడటం మొదలుపెట్టారు. టీవీలో చూసిన గొంతే, తొందర లేకుండా, ఒక దాని వెనక ఒకటి పేర్చుకుంటూ. అంకెలు. కారణాలు. రోగం ఎక్కడ మొదలైంది, ఎలా పాకింది. అప్పుడే బెల్లు. ఒక్కడున్న పార్టీకి దక్కే సమయం నిమిషాల్లోనే కదా. ఇంకో రెండు వాక్యాలు, మళ్లీ బెల్లు. కూర్చున్నారు. చుట్టూ మామూలు గోల మొదలైపోయింది.

బయటికొచ్చి టోకెనిచ్చి కత్తెర తీసుకున్నాడు నాన్న. గాంధీ విగ్రహం దాటేదాకా మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, “మన పక్క షట్టర్ కుర్రాడు గుర్తున్నాడా?”

గుర్తున్నాడన్నాను.

“అచ్చం ఆ పద్ధతే. కేసు హిస్టరీ అంతా రాబడతాడు. సూది మాత్రం వెయ్యడు.” రోడ్డు దాటాక మళ్లీ, “ఓపీలో ఒక్కో పేషెంటుకి మూడు నిమిషాలిస్తారు చూడు, ఈయనకీ అంతే ఇచ్చారు” అన్నాడు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని కూకట్‌పల్లి వచ్చేదాకా కళ్లు మూసుకున్నాడు. నిద్రపోలేదని నాకు తెలుసు.

ఆరోగ్యశ్రీ మీద కూడా మా ఎమ్మెల్యే జేపీ గారి వాదన అదే ధోరణి. పెద్ద రోగాలకు ప్రైవేటు ఆసుపత్రులకు డబ్బు పోస్తూ, ప్రాథమిక వైద్యాన్ని, సర్కారు దవాఖానాలను గాలికొదిలేస్తే ఎలా అని. ఫార్మసీ చదువుతున్న నాకు అందులో తప్పేమీ కనిపించేది కాదు. కానీ అదే రోజు సాయంత్రం పెద్దమ్మ భర్త మెల్లగా నడుచుకుంటూ వచ్చి నెల మందులు తీసుకెళ్తుంటే, ఆయనతో ఆ వాదన చెప్పే ధైర్యం నాకుండేది కాదు. షాపుకొచ్చేవాళ్లు, “మన ఎమ్మెల్యే టీవీలో మంచిగ మాట్లాడుతడు, మన నాలా సంగతి అడిగిండా?” అనేవాళ్లు. నాలా కార్పొరేషన్ చూడాలి, ఎమ్మెల్యే పని చట్టాలు చెయ్యడం అని నాన్న ఓపిగ్గా చెప్పేవాడు. నాన్న చెప్పిందీ నిజమే. వానాకాలం మా గుమ్మం దాకా నాలా వచ్చిందీ నిజమే.

2011 ఫిబ్రవరిలో అసెంబ్లీ ఆవరణలోనే జేపీ గారి మీద చెయ్యి చేసుకున్నారు. ఉద్యమం మండుతున్న రోజులు. గుంటూరు యాస ఉన్న మా షాపులో మేం కొంచెం గొంతు తగ్గించి మాట్లాడుకునే రోజులు కూడా. టీవీలో అదే దృశ్యం తిప్పి తిప్పి వేస్తుంటే నాన్న షట్టర్ సగం దించాడు. దాని కిందనుంచి వంగి పెద్దమ్మ లోపలికి వచ్చింది. ఆవిడ తెలంగాణ రావాలని రాస్తారోకోల్లో కూర్చున్న మనిషి. ఒక నిమిషం టీవీ చూసి, “డాక్టర్ను కొడ్తరా ఎవ్వలన్న?” అంది. షట్టర్ వైపు చూసి, “నువ్వెందుకు దించినవ్ సార్? ఎత్తు. జెరం గోలీలకు ఎవలన్న వస్తరు” అని తనే పైకి లేపింది.

2014 ఏప్రిల్ 30న జేపీ గారు మా అసెంబ్లీకి కాకుండా మల్కాజ్‌గిరి లోక్‌సభకు నిలబడ్డారు. ఓడిపోయారు. కోడెల గారు అదే ఏడు సత్తెనపల్లి నుంచి గెలిచి, విడిపోయిన ఆంధ్రప్రదేశ్‌కు మొదటి స్పీకర్ అయ్యారు. నాన్న రెండు వార్తలూ ఒకే రోజు పేపర్లో చదవలేదు గానీ, ఒకే రోజు చదివినట్టే చెప్పేవాడు, ఒకటి చెప్పగానే రెండోది.

ఆ తర్వాత కొన్నేళ్లకు నాన్నకే జబ్బు చేసింది. పెద్ద ఆసుపత్రి, పెద్ద ఎస్టిమేట్. షాపు ఉన్నవాళ్లం, తెల్లకార్డు లేదు. ఎల్‌ఓసీ తెచ్చుకోమన్నారు. ఆసుపత్రి ఎస్టిమేట్, ఆధార్ జిరాక్సు పట్టుకుని ఎమ్మెల్యే దగ్గర సిఫార్సు ఉత్తరం తీసుకుంటే, అది సీఎం సహాయ నిధికి పోతుంది. మంజూరైతే ఆసుపత్రికి సర్కారు రాసిచ్చే హామీయే ఎల్‌ఓసీ. మా అత్తగారి వైపు ఎమ్మెల్యే ఆఫీసుకు పొద్దున ఆరింటికి వెళ్లాను. అప్పటికే నలభై మంది. అందరి చేతుల్లో ఎక్స్‌రే కవర్లు, స్కానింగ్ ఫైళ్లు. ఒక ముసలాయన దగ్గుతున్నాడు. టోకెన్ నంబర్లు పిలుస్తున్నారు. తలుపు మీద ఎమ్మెల్యే పేరు లేకపోతే అది ఏ డాక్టరు క్లినిక్కో అనుకుని ఎవరైనా చెప్పులు బయట విడిచి కూర్చుంటారు. మేం విడిచే కూర్చున్నాం కూడా. నా మొదటి ఓటు ఈలకు వేశానని అక్కడ ఎవరికీ చెప్పలేదు. నా వంతు వచ్చినప్పుడు ఆయన తల ఎత్తకుండానే, “ఏ ఆసుపత్రమ్మా?” అని అడిగి సంతకం పెట్టేశారు. అర నిమిషం పట్టలేదు. నాకు ఏడుపొచ్చింది, కృతజ్ఞతతోనే.

మధ్యాహ్నం వార్డులో నాన్నకు ఉత్తరం చూపించాను. కళ్లజోడు అడిగాడు.

“ఈయన డాక్టరా?”

“కాదు నాన్నా.”

కాగితాన్ని వెలుతురు వైపు తిప్పి, దగ్గరికి జరిపి, దూరం పెట్టి చాలాసేపు చూశాడు. చివర సంతకం మీద వేలు పెట్టి, ఒక్కో వంపూ తడుముతూ పోయాడు.

“నలభై ఏళ్లు ఎవరి రాతైనా చదివానే. ఇది మాత్రం ఒక్క అక్షరం తెలియట్లేదు” అన్నాడు.

“పేరులే నాన్నా. చదవక్కర్లేదు, కౌంటర్‌లో ఇస్తే చాలు” అని తీసుకుని కిందికి వెళ్లాను.